చిన్న టౌన్లో హిరోషిమా దినం జరపాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి ముందు నాకు అర్థమైంది చెబుతాను. మీది కోనసీమలో ఒక మండల కేంద్రం. పది పన్నెండు మంది కుర్రాళ్లు, ఇద్దరు ముగ్గురు టీచర్లు కలిసి ఆగస్టు 6న యుద్ధ వ్యతిరేక కార్యక్రమం పెట్టుకుందామనుకుంటున్నారు. "ఎప్పుడో జపాన్‌లో పడ్డ బాంబుకి మనకి సంతాపమేంటి?" అని కొందరు, "మన జవాన్ల గురించి మాట్లాడరేం?" అని ఇంకొందరు నిలదీస్తారేమోనని టెన్షన్. పార్టీలను పిలవాలా వద్దా, పోలీసు పర్మిషన్ కావాలా, పాతిక మందే వస్తే పరువు పోతుందా అన్నవి మిగతా ప్రశ్నలు.

నేను టీచర్ల యూనియన్‌లోనూ, సైన్సు ప్రచారంలోనూ ఉంటూ మన జిల్లాల్లో ఈ పని చాలా ఏళ్లు చేశాను. కొన్ని మొహమాటం లేకుండా చెబుతాను, ఏమీ అనుకోకండి.

మన దగ్గర హిరోషిమా దినం చాలాసార్లు ఎలా నడుస్తుందో ముందు చూడండి. కల్యాణ మండపమో, యూనియన్ ఆఫీసు మేడో తీసుకుంటారు. ఫ్లెక్సీ మీద ఒక మూల పుట్టగొడుగు మేఘం, మిగతా అంతా నాయకుల ఫొటోలు. ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యంగా వచ్చి సామ్రాజ్యవాదం మీద నలభై నిమిషాలు మాట్లాడతాడు. ఆయన చెప్పేది తప్పని కాదు. కానీ హాస్టల్ నుంచి వార్డెన్ తోలుకొచ్చిన పిల్లలు వెనక వరసలో టీ ఎప్పుడొస్తుందా అని చూస్తుంటారు. మర్నాడు జిల్లా ఎడిషన్లో సింగిల్ కాలమ్ వార్త వస్తుంది, అందరూ దాన్ని వాట్సాప్‌లో పెట్టుకుంటారు. అంతటితో సరి. ఇలాంటిదే ఇంకోటి చేయడానికైతే మీరు ఇంత ఆలోచించక్కర్లేదు.

జపాన్‌లో అసలు ఈ ఉద్యమం జనంలోకి ఎలా వచ్చిందో తెలుసుకుంటే మీకు దారి దొరుకుతుంది. 1945 ఆగస్టు 6న హిరోషిమా, 9న నాగసాకి. ఆ ఏడాది చివరికల్లా రెండు ఊళ్లలో కలిపి రెండు లక్షల మందికి పైగా పోయారు. ఇది మనకు పాఠాల్లో ఉంటుంది. పాఠాల్లో లేనిది తర్వాత తొమ్మిదేళ్ల సంగతి. అమెరికా సైన్యం ఆక్రమణలో ఉన్నంత కాలం, అంటే 1952 దాకా, బాంబు వల్ల ఏం జరిగిందో పత్రికల్లో స్వేచ్ఛగా రాసే వీల్లేదు. బతికి బయటపడ్డవాళ్లకు పెళ్లి సంబంధాలు కుదిరేవి కావు, పని దొరికేది కాదు. అందుకని చాలామంది నోరు మెదపలేదు. మిగతా జపాన్‌కు హిరోషిమా అంటే పాపం ఎవరికో జరిగిన కష్టం, అంతే.

1954 మార్చి 1న అమెరికా పసిఫిక్‌లోని బికినీ దీవి దగ్గర హైడ్రోజన్ బాంబు పరీక్షించింది. హిరోషిమా బాంబుకు దాదాపు వెయ్యి రెట్లు. దూరంగా ట్యూనా చేపలు పట్టుకుంటున్న ఒక జపాన్ పడవ మీద తెల్లటి బూడిద రాలింది. అందులో 23 మంది ఉన్నారు. రెండు వారాలకు వాళ్లు యైజు రేవుకు చేరేసరికి ఒళ్లు కాలి, జుట్టు ఊడిపోతోంది. వైర్‌లెస్ ఆపరేటర్ కుబొయామా సెప్టెంబరులో చనిపోయాడు. ఈలోపు రేవుల్లో దిగిన ట్యూనాను రేడియేషన్ మీటరు పెట్టి చూసి, సూది కదిలిన చేపల్ని పాతిపెట్టడం మొదలుపెట్టారు. దాంతో మంచి చేపను కూడా కొనేవాడు లేకుండా పోయాడు.

టోక్యోలో సుగినామి అని ఒక వార్డు ఉంది. అక్కడి చేపల దుకాణాల వాళ్లు ముందు తమ బేరం కోసమే సంతకాలు మొదలుపెట్టారు. ఏప్రిల్‌లో ఆ వార్డు కమ్యూనిటీ హాల్లో ఆడవాళ్లకు ఏదో ఉపన్యాసం జరుగుతుంటే, చేపల కొట్టు నడిపే ఇంటావిడ ఒకామె లేచి తమ గోడు చెప్పుకుంది. ఆ హాలు పెద్ద యసుయి కవోరు, అంతర్జాతీయ న్యాయం చదువుకున్న మనిషి. అప్పటికే ఆయన దగ్గర ఆ పేట గృహిణులు కొందరు కూర్చుని పుస్తకాలు చదువుకుంటూ ఉండేవారు. మే నెలలో హైడ్రోజన్ బాంబు వద్దంటూ సంతకాలు సేకరించడానికి కమిటీ పడింది. చేతిలో కాగితం పట్టుకుని ఇంటింటికీ తిరిగింది ఎక్కువగా ఆ ఆడవాళ్లే. నాలుగు లక్షల లోపు జనాభా ఉన్న వార్డులో ఆ వేసవిలోనే 2.5 లక్షల సంతకాలు దాటాయి. మరుసటి ఏడాది ఆగస్టు నాటికి దేశమంతా కలిపి 3 కోట్లు దాటాయి. ఆ ఊపుతోనే 1955 ఆగస్టులో హిరోషిమాలో అణుబాంబులకు వ్యతిరేకంగా మొదటి ప్రపంచ మహాసభ జరిగింది. ఏళ్ల తరబడి నోరు విప్పని బాధితులు వేదికెక్కి మాట్లాడే ధైర్యం తెచ్చుకున్నారు. 1956లో వాళ్లు పెట్టుకున్న సంఘమే నిహోన్ హిదాన్‌క్యో. 2024లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది ఆ సంఘానికే.

చూశారా, హిరోషిమాను జనానికి గుర్తుచేసింది హిరోషిమా కాదు, తినే చేప. మీ ఊళ్లో మీరు వెతకాల్సింది కూడా అలాంటిదే.

కోనసీమలో అది వెతుక్కునే పని కూడా లేదు. మీ చుట్టుపక్కల గల్ఫ్ గడప తొక్కని ఊరుందా? 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్ మీద పడింది. హిరోషిమా దినానికి నాలుగు రోజుల ముందు తారీఖు. ఇళ్లలో పనికి వెళ్లిన మన ఆడవాళ్లు, డ్రైవర్లు, మేస్త్రీలు అక్కడ ఇరుక్కుపోయారు. బస్సుల్లో ఎడారి దాటి జోర్డాన్ చేరి, అక్కడి నుంచి విమానాల్లో వచ్చారు. దేశం మొత్తం మీద లక్షా డెబ్భై వేల మంది దాకా అలా వచ్చారని లెక్క. ఆ వచ్చినవాళ్లలో చాలామంది ఇప్పుడు అరవై దాటి మీ వీధుల్లోనే ఉన్నారు. వాళ్లను ఎవరూ వేదికెక్కించలేదు.

మేం ఒకసారి అలాంటి ఒకావిడను పిలిచాం. మైకు ముందు నిలబడ్డం అలవాటు లేక, కుర్చీలో కూర్చునే మాట్లాడింది. బాంబుల గురించి ఒక్క ముక్క చెప్పలేదు. "రెండేళ్లు దాచిన దినార్లు జాకెట్లో కుట్టుకుని తెచ్చాను. ఇక్కడికొచ్చాక బ్యాంకువాడు ఇవి చెల్లవమ్మా అన్నాడు. ఆ దేశమే లేదంట" అంది. ఇరాక్ కువైట్‌ను కలిపేసుకుని వాళ్ల డబ్బు రద్దు చేసిన రోజులవి. ఆవిడ ఆ మాట అనగానే హాల్లో ఆడవాళ్లంతా ముందుకు జరిగి కూర్చున్నారు. అప్పటిదాకా హిరోషిమా గురించి మేం పెట్టిన బొమ్మలు చూసి పక్కకు వెళ్లిపోయినవాళ్లే, తర్వాత వచ్చి వాటిని మళ్లీ నింపాదిగా చూశారు. మీరూ ఒకరిద్దరిని వెతకండి. ముందే ఇంటికి వెళ్లి కూర్చుని, వాళ్లు ఏం చెబుతారో వినండి. ఇలా మాట్లాడండమ్మా అని మాత్రం నేర్పకండి.

ఉక్రెయిన్ నుంచి 2022లో తిరిగొచ్చిన మెడిసిన్ పిల్లలు, ఆ యుద్ధం మొదలైన నెలల్లో సన్‌ఫ్లవర్ నూనె ధర ఎక్కడికెళ్లిందో చెప్పగల కిరాణా కొట్టాయన, వీళ్లు కూడా పనికొస్తారు. కడప వైపువాళ్లయితే తుమ్మలపల్లె యురేనియం గని గురించి అడుగుతారు. అది ముఖ్యమైన సంగతే, కానీ బాంబు వేరు, కరెంటు వేరు, గని నీళ్ల సమస్య వేరు. ఒకే సభలో మూడూ కలిపితే వినేవాడికి ఏదీ ఎక్కదు. దానికి వేరే రోజు పెట్టుకోండి.

ఇక జవాన్ల ప్రశ్న. దీనికి మీరు భయపడుతున్నారు గానీ, నిజానికి ఈ ప్రశ్నే మీకు మేలు చేస్తుంది. ఎందుకంటే యుద్ధంలో పోయినవాళ్లను తలుచుకునే హక్కు యుద్ధం వద్దనేవాళ్లకు ఇంకాస్త ఎక్కువే ఉంది. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది కదా, మిలిటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరి నుంచి మనుషులు వెళ్లారు, ఇప్పటికీ సైన్యంలోకి వెళుతూనే ఉన్నారు. హైదరాబాద్ నిజాం లాన్సర్లు మొదటి ప్రపంచ యుద్ధంలో పాలస్తీనా దాకా వెళ్లారు. ఎవరి యుద్ధం, ఎవరు పోయారు? ఈ ప్రశ్న ఎవరినీ కించపరచకుండా అడగొచ్చు. మీ ఊళ్లో రిటైరైన సుబేదారో, హవల్దారో తప్పకుండా ఉంటారు. వెళ్లి పిలవండి. నేను చూసినంతలో యుద్ధం గురించి ఆవేశంగా మాట్లాడేది టీవీలో కూర్చున్నవాళ్లు. సరిహద్దులో ఉండి వచ్చినవాళ్లు నెమ్మదిగా, అదీ అడిగితేనే మాట్లాడతారు.

శత్రువు మాటేమిటి అని కూడా అడుగుతారు. అప్పుడు ఘాజీ సంగతి చెప్పండి. 1971 డిసెంబరు 3-4 రాత్రి విశాఖ తీరానికి దగ్గర్లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. లోపల ఉన్న తొంభై మందికి పైగా మనుషుల్లో ఒక్కరూ బతకలేదు. ఆర్కే బీచ్‌లో మనకు విజయ స్తంభం ఉంది, కుర్సురా జలాంతర్గామి మ్యూజియం ఉంది. సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్లి చూపిస్తాం. ఆ పిల్లలు చూసే సముద్రం అడుగునే ఆ తొంభై మంది ఉన్నారు. 2024లో మన నౌకాదళమే ఆ శిథిలాన్ని కొత్త పరికరాలతో గుర్తించింది, కానీ చనిపోయినవాళ్ల మీద గౌరవంతో దాన్ని ముట్టుకోలేదని పేపర్లలో వచ్చింది. నేవీ వాళ్లకే ఆ మర్యాద ఉన్నప్పుడు మనకు దేశభక్తి తక్కువని ఎవరంటారు? ఇంకో మాట, సమావేశాలు నడుస్తున్న ఏడు పార్లమెంటు కూడా హిరోషిమా మృతులకు మౌనం పాటిస్తుంది. ఇది తెలిస్తే వాదన సగం అక్కడే ఆగిపోతుంది.

జపాన్‌ను కూడా ఉత్త అమాయక దేశంగా చూపించకండి. అది అబద్ధం అవుతుంది, పైగా మన జిల్లాలకే సరిపడదు. 1942 ఏప్రిల్ 6న కాకినాడ మీద, విశాఖ మీద బాంబులు వేసింది జపాన్ విమానాలే. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పారిపోయారు. మీ తాతల తరం ఇళ్లలో ఈ కథలు ఇంకా ఉండే ఉంటాయి, అడగండి. హిరోషిమాలో పోయినవాళ్లలోనూ అందరూ జపాన్ వాళ్లు కారు. వలస పాలనలో పనికి తెచ్చిన కొరియన్లు వేలల్లో ఉన్నారు. వాళ్ల స్మారకాన్ని 1970లో శాంతి పార్కు బయట పెట్టారు. లోపలికి తేవడానికి 1999 దాకా పట్టింది. అమెరికా యుద్ధ ఖైదీలు 12 మంది కూడా తమ దేశం వేసిన బాంబుకే అక్కడ చనిపోయారు. వాళ్ల పేర్లు, కుటుంబాలు వెతికి పట్టుకున్నది షిగెయాకి మోరి. ఆయన కూడా బాంబు బాధితుడే. ఉద్యోగం చేసుకుంటూ, సెలవు రోజుల్లో, దశాబ్దాల పాటు ఆ పని చేశారు. 2016లో ఒబామా హిరోషిమా వచ్చినప్పుడు కౌగలించుకున్నది ఆయన్నే. ఆ ఫొటో దొరికితే మీ బొమ్మల్లో పెట్టండి, మేఘం బొమ్మ కంటే బాగా మాట్లాడుతుంది.

పేర్ల విషయం వచ్చింది కాబట్టి ఇదీ చెబుతాను. హిరోషిమా స్మారకం కింద రాతి పెట్టెలో మృతుల పేర్ల పుస్తకాలు ఉంటాయి. ఆ తర్వాత ఏళ్లలో పోయిన బాధితుల పేర్లు ఏటా చేరుస్తూ ఉంటారు. 3 లక్షల 40 వేలు దాటాయి. ఏడాదికోసారి వాటిని బయటికి తీసి, తెల్ల చేతితొడుగులు వేసుకుని ఒక్కో పేజీ తిప్పుతూ గాలికి ఆరబెడతారు, తేమకు పాడవకుండా. మీరూ ఒక దస్తరం పెట్టండి. మీ మండలం నుంచి ఏ యుద్ధంలో, ఏ సరిహద్దులో, ఏ గల్ఫ్ దేశపు గొడవలో ఎవరు పోయారో రాయించండి. ఎవరైనా వచ్చి రాయొచ్చని చెప్పండి. ఉపన్యాసాలకు రానివాళ్లు ఆ పుస్తకం కోసం వస్తారు.

పార్టీల గురించి. నేను వామపక్షం మనిషిని, దాచేదేం లేదు. అందుకే ఇది చెప్పగలను: సుగినామి వాళ్లు ఏ పార్టీకీ, ఏ మతానికీ చెందం అని ముందే రాసుకున్నారు కాబట్టే సంప్రదాయవాద పార్టీలకు ఓటేసే మామూలు ఇళ్లలో కూడా సంతకాలు దొరికాయి. తర్వాత ఏమైంది? 1961లో సోవియట్ యూనియన్ మళ్లీ పరీక్షలు మొదలుపెట్టింది. ఏ దేశం పరీక్షించినా తప్పేనా, సోషలిస్టు దేశం బాంబుకు మినహాయింపు ఉందా అని కొట్టుకుని ఉద్యమం ముక్కలైంది. 1965 నాటికి ఒకటి కాస్తా మూడు సంఘాలైంది. ఆ చీలిక ఇప్పటికీ పూర్తిగా అతకలేదు.

ఆ ప్రశ్న మనకూ తప్పదు. 1954 ఏప్రిల్‌లో, బికినీ పరీక్ష జరిగిన నెలకే, అణు పరీక్షలు ఆపండని లోక్‌సభలో అడిగిన ప్రధాని మనవాడే. 1998 మేలో పోఖ్రాన్‌లో పరీక్షలు చేసిందీ మనమే. ఆ ఆగస్టు 6న కలకత్తాలో పెద్ద ఊరేగింపు జరిగింది. మన వైపు మాత్రం చాలామంది మిత్రులు అమెరికా బాంబును తిట్టి, మన బాంబు దగ్గరికొచ్చేసరికి నీళ్లు నమిలారు. మీ పది మందీ ముందే కూర్చుని దీని మీద మాట్లాడుకోండి. అందరూ ఒక్క మాట మీదకు రాకపోయినా ఫర్వాలేదు, సభలో ఎవరైనా అడిగితే ఎవరు జవాబు చెప్పాలో తేల్చుకుంటే చాలు. పార్టీల నాయకుల్ని అందర్నీ పిలవండి, కింద కూర్చోబెట్టండి. వేదిక మీద ఆ కువైట్ ఆవిడ, ఆ హవల్దారు. ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో వద్దు. దీనికి ఒప్పుకోని నాయకుడు రాకపోయినా మీకు నష్టం లేదు.

మిగతావి చకచకా చెబుతాను. టైము: బాంబు పడింది ఉదయం 8:15కి, మీ మౌనం కూడా అప్పుడే పెట్టుకోండి. ఎండ ముదరదు, బడి గంటకు ముందే అయిపోతుంది, పనికి వెళ్లేవాళ్లు ఆగి చూస్తారు. సెంటర్లో ఒక నిమిషం మౌనం, సాయంత్రం హాల్లో గంటన్నర సభ, అంతకు మించి సాగదీయకండి. ఆగస్టు మొదటి వారమంటే బళ్లలో పంద్రాగస్టు రిహార్సల్స్ మొదలవుతాయి, హెడ్‌మాస్టర్లకు ఊపిరాడదు. జూలై రెండో వారంలోనే వెళ్లి కలవండి. శ్రావణ శుక్రవారం పడితే ఆడవాళ్లు రారు, ఆ ఏడు సభను 9వ తారీఖుకు, నాగసాకి రోజుకు జరుపుకోండి. తెలంగాణలో ఉన్న మిత్రులు ఎవరైనా ఇది చదువుతుంటే, అదే రోజు జయశంకర్ సార్ జయంతి, 2023లో పోయిన గద్దర్ వర్ధంతి కూడా. హాళ్లు, మైకులు, కళాకారులు ఎవరూ దొరకరు, ముందే చూసుకోండి.

పర్మిషన్: సొంత హాల్లో, మైకు బయటికి పెట్టకుండా చేసుకుంటే సాధారణంగా అడ్డు చెప్పరు. అయినా ఎస్సైకి ఒక కాగితం ఇచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకోండి. రోడ్డు మీద ఊరేగింపన్నా, బయట మైకన్నా మాత్రం రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాల్సిందే. పోలీసు చట్టం సెక్షన్ 30 అమల్లో ఉందా, పాత 144, అంటే ఇప్పటి 163, పెట్టారా అన్నది ముందు రోజు కూడా కనుక్కోండి. మొదటి ఏడాది ఊరేగింపు అసలు పెట్టుకోవద్దని నా సలహా.

పిల్లలకు కాలిన శరీరాల ఫొటోలు చూపించకండి. కొందరు అదే ప్రభావం అంటారు, నేను ఒప్పుకోను. చిన్న పిల్లలు రాత్రి నిద్రలో ఉలిక్కిపడతారు, మర్నాడు తల్లి వచ్చి టీచర్ని అడుగుతుంది. సదాకో కథ చెప్పండి. రెండేళ్ల వయసులో బాంబు పడింది, పన్నెండేళ్లకు రక్త క్యాన్సర్‌తో పోయింది. ఆసుపత్రిలో మందుల కాగితాలతో కూడా కొంగలు మడిచింది. పిల్లలతో కాగితపు కొంగలు చేయించండి. మన పిల్లలకు పడవ వస్తుంది గానీ కొంగ రాదు, ముందు టీచరు నేర్చుకోవాలి. కాగితం సరిగ్గా నలుచదరంగా లేకపోతే రెక్క సరిగ్గా రాదు. పాత క్యాలెండర్ షీట్లు బాగుంటాయి, మందంగా ఉండి మడత నిలుస్తుంది. చేసినవాటిని దారానికి గుచ్చి బడిలోనే వేలాడదీయండి. కాలవలో దీపాలు వదిలే ఆలోచన ఉంటే మానుకోండి. ఆగస్టులో గోదావరి కాలవలు నిండుగా పారుతుంటాయి, రేవుల్లో పాకుడు ఉంటుంది, పిల్లలున్న చోట ఆ రిస్కు వద్దు.

పాతిక మంది వస్తే? వచ్చిన పాతిక మందిలో మీకు తెలియనివాళ్లు ఎంతమందో చూసుకోండి. అయిదుగురు ఉన్నా ఆ ఏడాదికి చాలు. వాళ్ల ఫోన్ నంబర్లు తీసుకుని, మళ్లీ ఏడాది దాకా ఊరుకోకుండా దసరా సెలవుల్లో ఒకసారి కలవండి, ఆ దస్తరంలో రాయాల్సిన పేర్లు ఇంకా ఎవరి దగ్గరున్నాయో వాళ్లనే అడగండి. చందాలకు మాత్రం రసీదు పుస్తకం తప్పనిసరి. హాలు అద్దె, మైకు, టీ, బొమ్మల ప్రింటింగు ఎంతెంతయ్యాయో ఆ రాత్రే గ్రూపులో పెట్టేయండి. మన చిన్న సంఘాలు సిద్ధాంతాల దగ్గర కంటే టీ బిల్లు దగ్గరే ఎక్కువ విడిపోతాయి.